విజయవాడ రేడియోలో పాట: ఎవరి కోసం? ఎవరి గొంతు?

మన సాహిత్య చరిత్రల్లో పత్రికలకు ఒక అధ్యాయం ఉంటుంది. నాటక సమాజాలకు ఒక అధ్యాయం ఉంటుంది. సినిమాకు అయిష్టంగానైనా నాలుగు పేజీలు ఉంటాయి. రేడియోకు మాత్రం రచయితల జీవిత విశేషాల చివర 'కొంతకాలం ఆకాశవాణిలో పనిచేశారు' అనే ఒక్క వాక్యమే దక్కుతుంది. కృష్ణశాస్త్రి పనిచేశారు, దాశరథి పనిచేశారు, బుచ్చిబాబు పనిచేశారు, బాలాంత్రపు రజనీకాంతరావు జీవితమంతా అక్కడే గడిపారు. ఈ సంగతులు పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నలుగా పనికొస్తున్నాయి. ఆ ఉద్యోగం వాళ్ల చేత ఏ పాట రాయించింది, ఏ పాట రాయనివ్వలేదు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయటం లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు ప్రజల్లో అత్యధికులు కవిత్వాన్ని చదవలేదు, విన్నారు. వినిపించిన సాధనాల్లో సినిమా మొదటిదైతే రేడియో రెండవది. రేడియోలో ఏ గంటకు ఏ రకం పాట వేయాలన్నది సాంకేతిక విషయంగా కనిపిస్తుంది గాని అది సాంస్కృతిక విధానం. ఆ గంటల పట్టికను తయారు చేసినవాడి మనసులో ఒక శ్రోత ఉంటాడు. ఆ శ్రోత ఎవరో తెలిస్తే ఆ కాలపు పాలకులు ప్రజలను ఏమనుకున్నారో తెలుస్తుంది. ఈ దృష్టితో విజయవాడ కేంద్రం సంగీత ప్రసారాల పరిణామాన్ని పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

విజయవాడనే తీసుకోవడానికి స్వంత కారణం ఒకటి ఉంది. మాది పెడన. మా నాన్న నేతపని చేసేవాడు. గుంట మగ్గం పక్కన కిటికీలో రేడియో ఉండేది. 837 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టిన ముల్లు ఏడాది పొడుగునా కదిలేది కాదు. నాకు అక్షరాల కంటే ముందు ఆ కేంద్రం సంకేత సంగీతం తెలుసు. నాడె చప్పుడులో కలిసిపోయే పాట ఏదో, కలవని పాట ఏదో కూడా అక్కడే తెలిసింది.

1

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. అంతకు ముందు తెలుగువాళ్లకు రెండే దిక్కులు. ఒకటి 1938లో మొదలైన మద్రాసు కేంద్రం. అక్కడ తెలుగు తమిళంతో సమయం పంచుకోవాలి. రెండవది 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కన్ రేడియో. అక్కడ ఉర్దూదే పెద్దపీట. 1950 ఏప్రిల్‌లో దాన్ని ఆకాశవాణి స్వీకరించింది. కాబట్టి తెలుగు నేల నడిబొడ్డున తెలుగు కోసమే వెలసిన తొలి కేంద్రం విజయవాడ అనుకోవచ్చు.

1948 ఎలాంటి సంవత్సరమో గుర్తు చేసుకోవాలి. తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతోంది. సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. ఇటు కోస్తాలో 1943 నుంచి ఊరూరా బుర్రకథలు, వీధి భాగవతాలు, పాటలు వినిపించిన ప్రజానాట్యమండలి మీద తీవ్ర నిర్బంధం అమలవుతోంది. నాజర్ తంబురాకు వేలాది జనం కదిలిన కాలం అది. రేడియో కేంద్రం ప్రారంభానికీ ఈ నిర్బంధానికీ కార్యకారణ సంబంధం ఉందని నేను అనను. ఆధారం లేకుండా అనడం విమర్శ కాదు. అయితే కాలక్రమం మన కళ్ల ముందు ఉంది. పందిట్లో పాట నోరు నొక్కిన రోజుల్లోనే గదిలో పాటకు మైకు వచ్చింది.

ఆ గదిలో మొదట ప్రవేశించింది కర్ణాటక సంగీత కచేరీ. ఇది సహజమే. సభల్లో, జమీందారీ లోగిళ్లలో బతికిన విద్వాంసులకు జమీందారీల రద్దు తర్వాత కొత్త పోషకుడు కావలసి వచ్చాడు. రాజ్యమే ఆ పోషకుడయింది. ఈ మార్పులో మంచి ఉంది. కచేరీ చూడటానికి పిలుపు రానివాడికి కూడా కచేరీ వినిపించింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి వంటివారి విద్య విజయవాడ కేంద్రం ద్వారానే సామాన్యుల ఇళ్లలోకి వచ్చింది. ఓలేటి సంగీత శిక్షణ పాఠాలను రేడియో ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. గురువు ఇంటి గడప దాటే అర్హత కులాన్ని బట్టి, డబ్బును బట్టి నిర్ణయమైన సమాజంలో ఇది చిన్న విషయం కాదు.

కాని తలుపు తెరిచిన చేయే వడపోత కూడా పెట్టింది. హార్మోనియం సంగతి చూడండి. 1940 మార్చి నుంచి ఆకాశవాణిలో హార్మోనియం నిషిద్ధం. అది గమకాలు పలకదని, దాని స్వరస్థానాలు మన శ్రుతులకు సరిపడవని వాదన. టాగూరు కూడా ఆ వాద్యాన్ని వ్యతిరేకించినవాడే. శాస్త్రరీత్యా ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే తెలుగు దేశంలో హార్మోనియం ఎవరి వాద్యం? పద్యనాటకానిది. భజన మందిరానిది. ఊరూరా తిరిగే నాటక సమాజానిది. తబలా, హార్మోనియం ఉంటే చాలు, తెల్లవార్లూ నాటకం నడిచిపోయేది. ఒక వాద్యాన్ని నిషేధించామనుకున్నవాళ్లు నిజానికి ఒక శ్రోతృవర్గాన్ని గుమ్మం బయట నిలబెట్టారు. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు, అదీ పాక్షికంగా. అప్పటికి నాటక సమాజాల వెలుగు తగ్గిపోయింది.

2

1952లో బి.వి.కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యాడు. 1962 దాకా పదేళ్లు ఆ శాఖ ఆయన చేతిలో ఉంది. భారతీయ సంగీతాన్ని ఉద్ధరించాలన్నది ఆయన సంకల్పం. జాతీయ సంగీత కార్యక్రమం, వాద్యబృందం, సంగీత సమ్మేళనాలు ఆయన హయాంలోనివే. కళాకారులను పరీక్షించి శ్రేణులుగా విభజించే పద్ధతి కూడా ఆయన కాలంలోనే గట్టిపడింది. తరతరాలుగా పాడుతున్నవాళ్లు పరీక్షాసంఘం ముందు నిలబడి శాస్త్రం ప్రశ్నలకు జవాబు చెప్పవలసి రావటం ఎంతోమందికి అవమానంగా తోచింది, నిరసనలు జరిగాయి. 'బహిరంగ అపవాదు' ఉన్న జీవితాల వారికి, అంటే వేశ్యా కుటుంబాల నుంచి వచ్చిన గాయనులకు, రేడియోలో చోటు లేదన్న నియమం అంతకు ముందు పటేల్ కాలంలోనే వచ్చింది. పదాలను, జావళులను తరతరాలుగా గొంతులో దాచిపెట్టుకున్న స్త్రీలకు ఈ నియమం ఏం చెప్పిందో ఊహించవచ్చు. వాళ్ల విద్య కావాలి, వాళ్లు అక్కర్లేదు.

అదే ఊపులో సినిమా పాట మీద వేటు పడింది. సినిమా పాటల వాటాను బాగా కుదించారు. సినిమా పేరు చెబితే అది వ్యాపార ప్రకటన అవుతుందని, పాడినవారి పేరు మాత్రం చెబుతామని అన్నారు. నిర్మాతలు అలిగి తమ పాటలకు ఇచ్చిన అనుమతులు వెనక్కి తీసుకున్నారు. ఫలితం అందరికీ తెలిసిందే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల కోసం పెట్టిన శక్తివంతమైన షార్ట్‌వేవ్ ప్రసారిణులు సిలోనులో సిద్ధంగా ఉన్నాయి. రేడియో సిలోన్ సినిమా పాటలను అందుకుంది. 1952 డిసెంబరులో మొదలైన బినాకా గీత్‌మాలా దేశాన్నంతా ఊపేసింది. సిలోన్ తెలుగు పాటల గంట కోసం మధ్యాహ్నం పని ఆపుకొని కూర్చునేవాళ్లమని మా నాన్న చెప్పేవాడు. సొంత ప్రభుత్వం వినిపించనన్న తెలుగు పాటను పరాయి దేశం వినిపించింది.

కేస్కర్ తప్పు సినిమా పాటను విమర్శించడంలో లేదు. సినిమా పాట వెనుక ఉన్న మార్కెట్‌ను విమర్శించే హక్కు మనకూ ఉంది. ఆయన తప్పు వేరు. ప్రజల రుచి అనేది వాళ్ల బతుకులోంచి పుడుతుందని ఆయన అనుకోలేదు, పై నుంచి దిద్దవలసిన అక్షరదోషం అనుకున్నాడు. మార్కెట్‌కు విరుగుడుగా ప్రజల పాటను తేలేదు, దర్బారు పాటను తెచ్చాడు.

3

ఈ ఖాళీలోంచి వచ్చినదే లలిత సంగీతం. సినిమా పాటకు బదులుగా కవులచేత రాయించి, కేంద్రంలోనే స్వరపరిచి, కేంద్రం కళాకారులచేత పాడించిన పాట. ఆకాశవాణి కేంద్రాల్లో 1950లలో ఇందుకోసం ప్రత్యేక విభాగాలు వెలిశాయి. తెలుగులో అప్పటికే దీనికి పునాది ఉంది. రజని 1941లోనే మద్రాసు కేంద్రంలో చేరి గేయానికీ రాగానికీ కొత్త పొత్తు కుదిర్చాడు. హైదరాబాదులో పాలగుమ్మి విశ్వనాథం, చిత్తరంజన్ వంటి స్వరకర్తలు, విజయవాడలో బాలమురళి, ఓలేటి మొదలైనవాళ్లు ఆ పొత్తును సంప్రదాయంగా నిలబెట్టారు. ఆంధ్ర వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన రజని విజయవాడ కేంద్రానికి సంచాలకుడిగా కూడా పనిచేశాడు. ఉదయం భక్తిరంజనిలో వచ్చే తత్వాలు, కీర్తనలు ఈ మనుషుల చేతుల మీదుగానే కొత్త రూపం దిద్దుకున్నాయి. కచేరీ రాగానే రేడియో కట్టేసే మా నాన్న తత్వం వస్తే మాత్రం శబ్దం పెంచేవాడు. నాడె వేగం తగ్గేది. బట్ట నేసే లయకు ఆ పాట దగ్గరగా ఉండేదేమో.

సాహిత్య విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. 1950లో 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది. అచ్చులో భావకవిత్వం యుగం అయిపోయిందని మన చరిత్రలు రాస్తాయి. కాని కృష్ణశాస్త్రి హైదరాబాదు కేంద్రంలో చేరింది 1957లో. అచ్చులో వెనక్కి తగ్గిన భావకవిత్వం మైకులో మరో మూడు దశాబ్దాలు ఏలుబడి సాగించింది. వెన్నెల, వేణువు, నావ, కోకిల, విరహం లలిత గీతంలో హాయిగా కాపురం చేశాయి. పుస్తకం కొనగలిగిన వెయ్యిమంది ఒక యుగంలో ఉన్నారు. రేడియో వినే లక్షలమంది ఇంకొక యుగంలో ఉన్నారు. మనం రాసుకున్న యుగవిభజన మొదటి వెయ్యిమందిదే.

ఇది కవుల లోపం అనడం తేలిక. నిజాం జైలు చూసిన దాశరథి కూడా ఆ సంస్థలో ఉద్యోగం చేశాడు. ఆయన కలంలో నిప్పు లేక కాదు. ప్రభుత్వ సంస్థలో ప్రసారమయ్యే పాటకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు ఎక్కడా రాసి ఉండక్కరలేదు, రాసేవాడి తలలో ఉంటే చాలు.

ఆ హద్దును నేనూ ఒకసారి తాకాను. ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక కేంద్రానికి లలిత గీతం ఒకటి పంపాను. కేంద్రం పేరు ఇక్కడ అప్రస్తుతం. గీతం బాగుందన్నారు. పల్లవిలో 'కూలి' అన్న మాట మాత్రం మార్చమన్నారు. 'రైతు' అంటే శ్రావ్యంగా ఉంటుందన్నారు. నేను మార్చాను. పాట ప్రసారమైంది. మా నాన్న విని సంతోషించాడు. ఇరవై ఏళ్లు పైబడినా ఆ చిన్న మాట నన్ను గుచ్చుతూనే ఉంది. 'కూలి'కి 'రైతు' పర్యాయపదం కాదు. ఒకరి చేతిలో పొలం ఉంది, ఒకరి చేతిలో లేదు. ఆ తేడాను తుడిచేసింది అధికారి ఒక్కడే కాదు, నేను కూడా. అందుకే ఈ వ్యాసంలో ఎవరినీ బోనులో నిలబెట్టి నేను న్యాయమూర్తి కుర్చీలో కూర్చోలేను.

జానపద సంగీతం విషయం కూడా ఇలాంటిదే. వింజమూరి సోదరీమణులు, ప్రయాగ నరసింహశాస్త్రి వంటివాళ్లు జానపద గేయాన్ని రేడియోకు ఎక్కించి గౌరవం తెచ్చారు. వాళ్లు లేకపోతే ఎన్నో బాణీలు మట్టిలో కలిసిపోయేవి. అయినా ఊడ్పుల పాట శిక్షణ పొందిన గొంతులో, వయొలిన్ తోడుతో వచ్చేసరికి దానిలోంచి నడుం నొప్పి పోయేది. ఒకరోజు రేడియోలో నాట్ల పాట వస్తుంటే మా నాయనమ్మ విని, 'పాట మనదేరా, గొంతు మనది కాదు' అంది. జానపద సాహిత్యం మీద నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటె మంచి విమర్శ వాక్యం నాకు కనబడలేదు. ప్రజానాట్యమండలిని అణచిన రాజ్యమే తర్వాత కుటుంబనియంత్రణ ప్రచారానికి బుర్రకథను వాడుకుంది. రూపం ప్రవేశించింది, సారం గుమ్మం బయటే ఉంది.

4

సిలోన్‌కు పోయిన శ్రోతలను వెనక్కి తెచ్చుకోడానికి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. కేస్కర్ మంత్రిగా ఉండగానే సినిమా పాట ముందు తలుపు నుంచి తిరిగి వచ్చింది. 1967 నవంబరులో బొంబాయి, పూనా, నాగపూర్‌లలో వాణిజ్య ప్రకటనలు మొదలై క్రమంగా మిగతా ప్రాంతాలకు వ్యాపించాయి. సినిమా పేరు చెబితే వ్యాపారమవుతుందన్న సంస్థ పదిహేనేళ్లకు సబ్బు పేరు చెప్పి డబ్బు తీసుకుంది. ఈ మధ్యలో ట్రాన్సిస్టర్ వచ్చింది. పంచాయతీ కచ్చేరీ దగ్గర గుంపుగా విన్న రేడియో పొలం గట్టుకు, మగ్గం గుంటకు, కిళ్లీ కొట్టుకు చేరింది.

వివిధభారతి తెచ్చిన నిజమైన మార్పు సినిమా పాట కాదు, ఉత్తరం. జనరంజనిలో పాట కంటె ముందు పాట కోరినవాళ్ల పేర్లు చదివేవారు. మా నాన్న కార్డు రాశాడు. ఒకనాటి మధ్యాహ్నం 'పెడన నుంచి' అన్న మాట రేడియోలో వినబడింది. వీధి వీధంతా మా ఇంటికి వచ్చింది. అప్పటిదాకా రేడియో మాకు చెప్పేది, మేము వినేవాళ్లం. ఆ రోజు రేడియో మా పేరు పలికింది. చరిత్రలో పేరు ఎక్కని మనుషులకు ఆ కొద్ది క్షణాలు ఎంత విలువైనవో మధ్యతరగతి విమర్శకులం గుర్తించలేదు. సినిమా పాటల పిచ్చి అని కొట్టిపారేశాం.

అయితే ఆ స్వేచ్ఛకు ఉన్న గోడ కూడా చూడాలి. శ్రోత కోరుకోవచ్చు, కాని కొట్లో ఉన్న సరుకులోంచే కోరుకోవాలి. మా నాన్న తత్వం పాడగలడు, నాయనమ్మ నాట్ల పాట పాడగలదు. వాళ్ల చేత పాడించుకునే కార్యక్రమం లేదు. ఎన్నుకునే హక్కు వచ్చింది, పాడే హక్కు రాలేదు.

కొట్లో ఏ సరుకు ఉండాలో చెప్పే అధికారం ఎవరిదో అత్యవసర పరిస్థితి తేల్చి చెప్పింది. ప్రభుత్వ ప్రచారానికి సహకరించలేదని 1976 మేలో కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణి నుంచి తొలగించారు. ఆయన విప్లవకవి కాదు, ప్రేమపాటలు పాడుకునేవాడు. ప్రేమపాట కూడా రాజ్యం దయ మీద బతుకుతున్నదని ఆ సంఘటన రుజువు చేసింది.

1980లలో క్యాసెట్టు ఈ ద్వారపాలకత్వాన్ని బద్దలు కొట్టింది. రేడియో ఏనాడూ వేయని ఉద్యమ గీతాలు క్యాసెట్ల మీద పల్లెలకు పోయాయి. అదే దారిలో దేవుడి పాటల వ్యాపారం కూడా పెరిగింది. సాధనం చేతికి రావటం వేరు, సాధనాన్ని ఎవరు ఎక్కువగా వాడుకోగలరన్నది వేరు.

5

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో గాలితరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. 1990లో చేసిన ప్రసారభారతి చట్టం 1997లో అమలులోకి వచ్చింది. ప్రజల ఆస్తి అన్న మాటకు ఆచరణలో వచ్చిన అర్థం వేలం పాట. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చాయి. 2005 విధానం తర్వాత విజయవాడ వంటి నగరాలకు కూడా వ్యాపించాయి. ఆ కేంద్రాలకు సొంత వార్తలు చెప్పే హక్కు లేదు. 2011 విధానం కూడా ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా వినిపించటానికే ఒప్పుకుంది. అంటే రాజ్యం మాటను తన దగ్గర ఉంచుకుని పాటను అమ్మింది.

ఈ కొత్త పద్ధతిలో శ్రోత ఎవరు? కేస్కర్‌కు శ్రోత విద్యార్థి, దిద్దవలసినవాడు. వివిధభారతికి శ్రోత అర్జీదారు. ప్రైవేటు కేంద్రానికి శ్రోత ప్రకటనదారుకు అమ్మవలసిన సరుకు. జనానికి నచ్చుతాయని ముందే తేలిన కొన్ని వందల పాటలు తిరిగి తిరిగి వస్తాయి. కొత్త సినిమా విడుదల అయినప్పుడు జాబితా మారుతుంది. అడిగితే 'జనం ఇదే అడుగుతున్నారు' అంటారు. వేరేది వినిపించకుండా వేరేది అడగలేదనటం పాత తర్కమే. కేస్కర్ జనానికి ఏది మంచిదో తనకు తెలుసన్నాడు. వీళ్లు జనానికి ఏది ఇష్టమో తమకు తెలుసంటున్నారు. ఇద్దరూ జనం పాడగలరని మాత్రం అనుకోలేదు.

దీని ఫలితం నా తరగతి గదిలో చూశాను. పదవ తరగతి పిల్లలను సినిమాది కాని పాట ఒకటి పాడమన్నాను. చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి ఒక అమ్మాయి లేచి, 'మా అమ్మమ్మ పొలంలో పాడేది ఉంది సార్, అది పాట కిందకి వస్తుందా?' అని అడిగింది. రేడియో డెబ్బై అయిదేళ్ల చరిత్ర ఆ ప్రశ్నలో ఉంది. ఏది పాట కిందకి వస్తుందో నిర్ణయించే అధికారం ఆ పిల్ల చేతిలో ఎన్నడూ లేదు. పాడమన్నాను. రెండు చరణాలు పాడి, తర్వాత రావటం లేదని కూర్చుంది.

6

అయితే గత్యంతరం లేదా? ఉంది. మెదక్ ప్రాంతంలోని మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు నడిపిన సామాజిక రేడియో అది. లైసెన్సు రాకముందు సుమారు పదేళ్లు వాళ్లు కార్యక్రమాలు తయారు చేసి సంఘాల్లో టేపుల మీద వినిపించుకున్నారు. స్వచ్ఛంద సంస్థలకు అనుమతి ఇచ్చే విధానం 2006లో వచ్చాక గాని వాళ్లకు తరంగం దక్కలేదు. అందులో విత్తనాల మాటలు, పొలం పాటలు, పండుగ పాటలు వచ్చాయి. పాడినవాళ్లు, విన్నవాళ్లు ఒకే మడిలో దిగినవాళ్లు. మా నాయనమ్మ అడిగిన గొంతు అది. దాని పరిధి పాతిక కిలోమీటర్లే కావచ్చు. కాని తెలుగు ప్రసార చరిత్రలో శ్రోత గాయకుడైన సందర్భంగా దానికి ఒక అధ్యాయం ఇవ్వాలి.

విజయవాడ కేంద్రాన్ని తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. నాకు తెలుగు నేర్పిన తొలి బడి అది. ప్రైవేటు కేంద్రాల పక్కన నిలబెడితే పాత రేడియో ఎంత ఉదారమైనదో కూడా నాకు తెలుసు. ప్రజాధనంతో నడిచే రేడియో ఉండాలి, ఇంకా బలంగా ఉండాలి. ఆ మాట గట్టిగా అనగలగాలంటే అది ఎవరిని బయట నిలబెట్టిందో కూడా మనం నిజాయితీగా చెప్పుకోవాలి.

రచయితలకు, విద్యార్థులకు ఇందులో పని ఉంది. రేడియో గీతాలను ప్రక్రియగా గుర్తించి, తేదీల వారీగా, కవుల వారీగా పట్టికలు తయారు చేయాలి. పాటలు రాసినవాళ్ల ఇళ్లలో నోటు పుస్తకాలు ఇంకా దొరుకుతాయి. శ్రోతల దగ్గర పాత టేపులు దొరుకుతాయి. రెండవ పని ఇంకా తొందరైనది. అమ్మమ్మలు ఉండగానే వాళ్ల పాట వాళ్ల గొంతులోనే పట్టుకోవాలి. ఇప్పుడు ప్రతి విద్యార్థి జేబులోనూ రికార్డు చేసే యంత్రం ఉంది.

మరుసటి వారం ఆ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ దగ్గర పూర్తి పాట రాయించుకు వచ్చింది. అందులో 'కూలి' అన్న మాట అయిదుసార్లు ఉంది. నేను ఒక్కటి కూడా దిద్దలేదు.